అయిదో కమానుకి పదకొండు కన్నాలు

పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మూడో రోజున మా మావయ్య నన్ను వంతెన చూపిస్తానని తీసుకెళ్ళాడు. ఊరికి ఎవరొచ్చినా ముందు చూసేది అదే కాబట్టి, నాకు కొత్త కాకపోయినా నేనూ ముస్తాబై బయల్దేరాను. తీరా అక్కడికి వెళ్ళాక ఆయన పైకి ఎక్కనివ్వలేదు. బస్సులు వెళ్ళే రోడ్డు, వరసగా నిలబెట్టిన దీపాల స్తంభాలు, ఫొటోలు దిగే జంటలు, వీటివేపు తల కూడా తిప్పకుండా పక్కమెట్ల మీదుగా నన్ను నేరుగా నది ఒడ్డుకి దింపాడు. మూడో కమాను కింద నిలబెట్టి, "చెంప ఆనించు" అన్నాడు.

"దేనికి మావయ్యా?"

"రాయికి."

కొత్త కోడలిని కదా, కాదనలేకపోయాను. చెంప ఆనించాను. చల్లగా ఉంది, కొంచెం గరుకుగా ఉంది. ఈయనకి కాస్త తిక్క ఉన్నట్టుందని నేను మనసులో అనుకుంటూ ఉండగానే పైన బస్సు వెళ్ళింది. నా చెంప కింద రాయి పలికింది. అంతకంటే సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. ఎక్కడో పైన మొదలైన చిన్న వణుకు ఒక రాయి నుంచి ఇంకో రాయికి దిగుతూ దిగుతూ నా దాకా వచ్చి, నన్ను దాటి నీళ్ళలో ఉన్న స్తంభంలోకి వెళ్ళిపోయింది.

"చూశావా? బస్సు బరువుని రాళ్ళు ఒకదానికొకటి అందించుకుంటూ కిందికి దింపేశాయి. మధ్యలో సున్నం ఉంది గానీ, అది అంటించడానికి కాదు, రాళ్ళు ఒరుసుకోకుండా మెత్తగా ఉండటానికి. ప్రతి రాయీ కింద పడదామనే చూస్తోంది. పక్కది పడనివ్వడం లేదు. మూడు వందల ఏళ్ళుగా ఇదే తంతు" అన్నాడు మావయ్య.

నేను మున్సిపాలిటీ ఇంజనీర్ల ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేస్తాను. ఆ వంతెనని అప్పటికే ఏ ముప్పైసార్లో గీసి ఉంటాను. ఏడు కమానులు, ఆరు స్తంభాలు, కొలతలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పూట ఆ కమాను కింద నిలబడి తలెత్తి చూస్తుంటే, దాన్ని అంతవరకూ చూడనేలేదని తెలిసింది. అంత బరువు గాల్లో వంగి నిలబడి ఉంది. దాని కింద మనుషులు గొడుగులు ముడుచుకుంటూ, బఠానీలు నములుకుంటూ మామూలుగా నడిచి వెళ్ళిపోతున్నారు.

మావయ్యని ఊళ్ళో అందరూ బల్లి మేస్త్రి అంటారు. పదిహేడో ఏట వంతెన మరమ్మతుల ముఠాలో చేరి, అరవై దాటేదాకా నడుముకి తాడు కట్టుకుని ఆ రాళ్ళ గోడలకి అతుక్కుని పాకాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆయన పనేమిటంటే, రాళ్ళ సందుల్లో మొలిచే మొక్కల్ని వేళ్ళతో సహా పీకడం, రాలిపోయిన పాత సున్నాన్ని గీకి కొత్తది నింపడం, చిన్న సుత్తితో ప్రతి రాయినీ తట్టి చప్పుడు వినడం. బాగున్న రాయి గంటలా మోగుతుంది. లోపల బోలుగా ఉంటే, నీరు పట్టి ఉంటే, చప్పుడు మొద్దుబారుతుంది. ఆ తేడా నాకు ఇన్నేళ్ళయినా సగంసార్లు తెలీదు. ఆయన మాత్రం పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే పట్టేసేవాడు.

సున్నం విషయంలో ఆయన పట్టింపు అంతా ఇంతా కాదు. ఆరు నెలలు గుంతలో నానితే గానీ ముట్టుకోడు. ఇక సిమెంటు మాటెత్తితే అగ్గి మీద గుగ్గిలమే. మా ఇంట్లో సిమెంటు అంటే తిట్టు. చెప్పిన మాట వినకపోతే కన్నకొడుకునే, అంటే మా ఆయన్నే, "ఒరే సిమెంటు వెధవా" అనేవాడు. నేను మొదట్లో పగలబడి నవ్వాను, తర్వాత నేనూ అనడం మొదలుపెట్టాను.

మా అత్తయ్యది పుస్తకాలకి అట్టలు వేసే పని. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నతో కలిసి అయిదో కమాను కింద కొట్టు నడిపింది. ఆ కమాను ఒడ్డు మీద ఉంటుంది, నది పొంగితే తప్ప దానికింద నీళ్ళుండవు, అందుకని అప్పట్లో చిన్న చిన్న కొట్లు ఉండేవి. కాగితం నొక్కే ప్రెస్సు, జిగురు గిన్నె, దారం కండెలు పెట్టుకుని బడిపిల్లల పుస్తకాల నుంచి కోర్టు దస్తరాల దాకా కుట్టేవారట. ఒక్కటే బాధ, వాన పడితే ఆ వాన వెలిశాక కూడా రెండు మూడు రోజుల పాటు కమానులోంచి చుక్కలు పడుతూ ఉండేవి. కుట్టిన దస్తరం మీద చుక్క పడిందా, జిగురు వదిలి మళ్ళీ మొదటికొచ్చేది.

ఆ తర్వాతి కథ అత్తయ్య నోట విని తీరాలి. ఇంటికి ఎవరొచ్చినా, టీ గ్లాసు చేతికివ్వడం ఆలస్యం, అందుకునేది.

"ఈ మనిషికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నేను బల్ల అటు జరిపీ ఇటు జరిపీ ఏడుస్తుంటే రోజూ చూస్తూ పోయేవాడు. నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఒక సెలవురోజు నిచ్చెనేసుకుని వచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశాడో ఏమో. మర్నాడు కుంభవృష్టి. ఒక్క చుక్క పడితే ఒట్టు! మీ ఆయనలు మీకు పూలు తెచ్చుంటారు, మా ఆయన నాకోసం వాననే ఆపాడు."

ఆవిడ అక్కడికి వచ్చేసరికల్లా మావయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆయనకి సిగ్గని నేను పాతికేళ్ళు నమ్మాను. నేనంత తెలివైనదాన్ని.

పోయినేడు వానలు తగ్గాక ఆఫీసులో కలకలం మొదలైంది. అయిదో కమాను పక్కగోడ నాలుగు వేళ్ళ మందం బయటికి ఉబ్బింది. రాళ్ళ సందుల్లోంచి తెల్లటి చారలు కారాయి. బస్సులు ఆపేశారు. మా ఇంజనీరమ్మ, నాకంటే పదేళ్ళు చిన్నదైనా పనిలో మహా గట్టిది, వారం రోజులు అక్కడే ఉండి కొలతలు తీసింది. కారణం అంతుపట్టలేదు. మిగతా ఆరు కమానులూ ఉక్కుముక్కల్లా ఉన్నాయి, ఇదొక్కటే ఇలా ఎందుకయింది? కూలి ఎవరి నెత్తినైనా పడితే ఏమిటి గతి? పైవాళ్ళు ఆగే రకం కాదు. అయిదో కమానుని తీసేసి కాంక్రీటు దిమ్మ వేయాలని ప్రతిపాదన వచ్చింది. సోమవారం మీటింగులో సంతకాలు. కూల్చడానికి కావలసిన డ్రాయింగు గీసే పని నాకు అప్పజెప్పారు.

ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. మావయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మొత్తం తీసేస్తారా?" అన్నాడు. అవునన్నాను. లేచి చెయ్యి కడుక్కున్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మనిషి వంతెన మీద బెంగ పెట్టుకున్నాడని మేమంతా జాలిపడ్డాం.

మూడో రోజు, బుధవారం, నేను ఆఫీసులో బల్ల మీద వంగి గీత గీస్తుంటే ఎదురుగా నీడ పడింది. తలెత్తితే మావయ్య. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తువ్వాల్లో చుట్టిన సుత్తి చంకలో పెట్టుకున్నాడు. నేను చేరాక ఆయన మా ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఇంజనీరమ్మని కలవాలి తల్లీ."

లోపలికి తీసుకెళ్ళాను. ఆవిడ కుర్చీ చూపించింది, కూర్చోలేదు. తువ్వాలు విప్పి సుత్తి ఆవిడ బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒక్క బిగిని చెప్పేశాడు.

"అమ్మా, ఆ కమానుకి ఏ జబ్బూ లేదు. దాన్ని చెడగొట్టింది నేను."

వంతెన పైన పడిన వాన రాళ్ళ సందుల్లోంచి లోపలి మట్టిలోకి దిగుతుందట. ఆ నీరు బయటికి పోవడానికి కట్టినవాళ్ళే కమానులో అక్కడక్కడా కన్నాలు వదిలారు. ప్రతి కమానుకీ పదకొండు. మా డ్రాయింగుల్లో వాటిని ఎవరూ ఎప్పుడూ గీయలేదు, కింది నుంచి చూస్తే మామూలు రాళ్ళ సందుల్లా ఉంటాయి. అత్తయ్య పుస్తకాల మీద పడిన చుక్కలు అవే. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు వాటిని రాయి అరిగి పడిన చిల్లులనుకున్నాడు. ఇంకో పని దగ్గర మిగిలిన సిమెంటు తెచ్చి పదకొండూ బిగించేశాడు. పైన అదే రాతి పొడి అద్ది, ఎవరూ పోల్చుకోలేనట్టు నునుపు చేశాడు.

"అవి ఎందుకున్నాయో నాకు నాలుగేళ్ళ తర్వాత మా పెద్దమేస్త్రి ఇంకో వంతెన దగ్గర చెప్పాడమ్మా. అప్పటికి నాకు పెళ్ళయింది. కొట్టు అక్కడే ఉంది. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకున్నాను. ఏడాదికోసారి తట్టి చూసేవాడిని. బాగానే మోగేది. తర్వాత కొట్టు తీసేశారు. అప్పుడైనా తీయొచ్చు. ముఠాలో నలుగురికీ తెలుస్తుందని సిగ్గేసింది. అలా నలభై ఆరేళ్ళయింది."

ఇంట్లో సిమెంటు ఎందుకు తిట్టయిందో అప్పుడు వెలిగింది. ఇంజనీరమ్మ కోప్పడుతుందేమోనని చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంటే లోపల నలభై ఆరేళ్ళ నీరు గోడని తోస్తోందన్న మాట" అంది నెమ్మదిగా. తర్వాత ఆయనవేపు తిరిగింది. "మేస్త్రిగారూ, మాట చాలదు. సోమవారం లోపల నాకు నీళ్ళు చూపించండి. నీళ్ళొచ్చి, గోడ కదలడం ఆగితే కూల్చనివ్వను. ఆగకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ సాయంత్రం వంటింట్లో అత్తయ్యకి చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, కదలబుద్ధి కాలేదు. ఆవిడ పూర్తిగా విని, పొయ్యి ఆర్పింది.

"నలభై ఆరేళ్ళ నుంచి ఆ కథ ఊరందరికీ చెప్పుకుంటున్నానే. ఒక్కసారైనా నన్ను ఆపొచ్చుగా?"

"చెప్పేటప్పుడు నీ మొహం చూసి ఆపలేకపోయేవాణ్ణి."

"బావుంది. నా మొహం మీద పెట్టు తప్పంతా" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గురువారం పొద్దున్నే ఇనప గొట్టాలతో కమాను కింద మంచె కట్టారు. ఉబ్బిన గోడ పగులు మీద ఇంజనీరమ్మ మూడుచోట్ల పలచటి గాజు పలకలు అతికించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా పలక పగులుతుంది. ముఠాలోని మేస్త్రిలు తాము ఎక్కుతామన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగు మూలుగుతూ ఎక్కాడు. డ్రాయింగు, పెన్సిలు పట్టుకుని నేను వెనకాలే.

ఆయన దాచిన తీరు చూసి నాకు ఒళ్ళు మండింది. అంత బాగా దాచాడు! జానెడు దూరం నుంచి చూసినా రాయికీ పూతకీ తేడా లేదు. ఆయనకీ కనిపించలేదు. కళ్ళు మూసుకుని తట్టడం మొదలుపెట్టాడు. టంగ్, టంగ్, టంగ్. పావుగంట అలాగే. తర్వాత ఒక్కచోట, టప్.

"గుర్తు పెట్టు."

సన్న ఉలితో తొలవడానికి ముప్పావు గంట పట్టింది. మొదట పొడి రాలింది, తర్వాత తడి పొడి. ఒక్కసారిగా తెరిస్తే నీటితోపాటు లోపలి మట్టి కూడా కొట్టుకొచ్చి పైన రోడ్డు గుల్లవుతుందని, ఒక చేత్తో గోనెపట్టా ముక్క అడ్డం పెట్టి, రెండో చేత్తో ఉలి తిప్పాడు. సిమెంటు బిరడా ఊడింది. ఒక దారమంత నీరు దిగింది. మరుక్షణం చెయ్యంత లావున ధార తన్నుకొచ్చింది. గోనెపట్టాలోంచి వడకట్టుకుని, మా మీదుగా, మంచె మీదుగా కింది రాళ్ళ మీద పడి మోగింది. ఎండ మాడ్చేస్తోంది, ఆ నీళ్ళు మాత్రం ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. నేను పుట్టకముందు పడిన వాన కూడా అందులో ఉండి ఉంటుందనిపించి, తల తుడుచుకోవడం మర్చిపోయి నిలబడ్డాను. కింద ముఠావాళ్ళు కేకలు ఆపేశారు. అందరూ తలలెత్తి చూస్తున్నారు.

ధార సన్నబడ్డాక మావయ్య, "వేలు పెట్టి చూడు" అన్నాడు.

పెట్టాను. కన్నం లోపల అద్దంలా నునుపుగా ఉంది. లోపలి నుంచి బయటికి వాలుగా చెక్కారు. చివర కింది పెదవి దగ్గర, గిన్నెకి ఉన్నట్టు చిన్న మూతి తీర్చారు. నీరు రాయి వెంట పాకకుండా విడిగా కిందికి పడటానికట. మనిషి కంటికి ఆనని చోట, ఏ బొమ్మా పువ్వూ లేని చోట, పడబోయే ప్రతి చుక్క గురించీ ఎవరో కూర్చుని ఆలోచించారు. ఏడు కమానులకీ, పదకొండేసి సార్లు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మామూలుగా ఏడుపు రాదు.

"నేను మూసింది చిల్లు కాదమ్మాయ్. ఒకడి బుర్రని" అన్నాడు మావయ్య. ఆయన ముక్కు చీదుకుంటూ రెండో కన్నం కోసం జరిగాడు.

శనివారం చీకటి పడే వేళకి పది తెరిచాం. పదకొండోది దొరకలేదు. ఆ మూలంతా తట్టాడు. ఎక్కడ తట్టినా రాయి నీరు పట్టి మొద్దుగానే పలుకుతోంది, తేడా తెలియడం లేదు. ఊరికే నాలుగుచోట్ల తొలిస్తే రాయే దెబ్బతింటుంది. ఆదివారం పొద్దున వచ్చి చూసేసరికి మూడు గాజు పలకల్లో రెండు బాగానే ఉన్నాయి, ఆ మూలది నిట్టనిలువునా చీలింది. గోడ ఇంకా కదులుతోంది. ఇంజనీరమ్మ గడియారం చూసుకుంది. మావయ్య మంచె మీద కూలబడ్డాడు. ఒక్క రోజు మిగిలింది.

పదింటికి అత్తయ్య వచ్చింది. నాలుగు రోజుల నుంచి ఆయనతో మాట్లాడని మనిషి, ఎవరినీ పలకరించకుండా నేరుగా కమాను కిందికి నడిచింది. కొలతలు రాసుకుంటున్న ఇంజనీరమ్మని "కాస్త తప్పుకో అమ్మా" అంది. నేల మీద చూసుకుంటూ నాలుగడుగులు అటు, రెండడుగులు ఇటు వేసింది.

"ప్రెస్సు ఇక్కడ. బల్ల ఇక్కడ. జిగురు గిన్నె నా కుడిచేతి వేపు. నేను వెలుతురుకి ఇటు తిరిగి కూర్చునేదాన్ని" అని గొంతుక్కూర్చుంది. ఒక్క క్షణం ఆగి, ఎడమ భుజం తడుముకుంది. "ఇక్కడ పడేది. ఎన్నిసార్లు జరిపినా ఈ భుజం మీదే పడేది." తలెత్తి వేలు చూపించింది. "అదిగో, ఆ రాయి. దాని కిందిది కాదు, అదే."

మావయ్య తట్టి కూడా చూడలేదు. ఆవిడ చూపించిన చోటే ఉలి పెట్టాడు. గంటన్నర పట్టింది. ఆ బిరడా ఊడినప్పుడు వచ్చిన ధార ముందు మొదటి పదీ దిగదుడుపే. గోడ లోపల ఎక్కడో మూలిగినట్టు చప్పుడైంది. తర్వాత సద్దుమణిగింది. నీరు మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు. ఇంజనీరమ్మ చీలిన పలక తీసేసి కొత్తది అతికించింది.

సోమవారం పొద్దున కొత్త పలక చెక్కుచెదరలేదు. దాన్ని ఫొటో తీసుకుని ఆవిడ మీటింగుకి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చి, నా బల్ల మీది కూల్చే డ్రాయింగుని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేసింది. నెల గడిచినా పలక పగల్లేదు. ఉబ్బిన పక్కగోడని ఒక్కటే రాయి రాయిగా విప్పి, మళ్ళీ సున్నంతో కట్టాలని తేల్చారు. కమాను జోలికి ఎవరూ వెళ్ళరు. అది అలాగే వంగి నిలబడి ఉంటుంది.

మిగిలింది దస్తరం పని. మా ఆఫీసులో ఆ వంతెనకి ఒక పెద్ద రికార్డు పుస్తకం ఉంది. ఏ మరమ్మతు జరిగినా ఏమైంది, ఎందుకైంది అందులో రాయాలి. ఇంజనీరమ్మ నన్ను పక్కకి పిలిచి, "కన్నాల్లో మట్టి పేరుకుని మూసుకుపోయాయి అని రాసేయండి. ఆ వయసులో పెద్దాయన్ని ఎందుకు రచ్చకీడ్చడం" అంది. నా ప్రాణం లేచొచ్చింది. అలాగే రాసి, చూపిస్తే సంతోషిస్తాడని మావయ్యని పిలిపించాను.

ఆయనకి చదువు అంతంత మాత్రం. నన్నే చదవమన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"మట్టని రాస్తే రేపొచ్చేవాడు మట్టి తీసి పోతాడు. మూసింది మేస్త్రి అని తెలియాలి. పని వచ్చినవాడే, వంతెనంటే ప్రాణం పెట్టేవాడే మూశాడని తెలియాలి. అప్పుడే ఇంకోడు చెయ్యి వేసే ముందు ఆలోచిస్తాడు. కొట్టెయ్యి. నా పేరు రాయి."

"మావయ్యా, ఇది ఎప్పటికీ ఉండిపోతుంది."

"ఉండాలనే."

ఎలా రాయాలో తెలీక, పాతవాళ్ళు ఎలా రాశారో చూద్దామని వెనక్కి తిప్పాను. మొదటి కాగితం దాకా తిప్పాను. వంతెన కట్టించినవాళ్ళ పేర్లున్నాయి, అధికారుల పేర్లున్నాయి, రిబ్బను కత్తిరించినవాళ్ళ పేర్లున్నాయి. రాయి చెక్కినవాడి పేరు, మోసినవాడి పేరు, ఆ నున్నటి కన్నాలు తొలిచినవాడి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మాటే ఆయనకి చెప్పాను. పెన్ను తీసి నా చేతికిచ్చాడు.

మట్టి మాట కొట్టేసి, ఆయన పేరు, తండ్రి పేరు, వృత్తి, ఏ సంవత్సరం ఏం చేశాడు, నలభై ఆరేళ్ళ తర్వాత ఎలా సరిదిద్దాడు, అన్నీ నా చేత్తో రాశాను. మూడు వందల ఏళ్ళలో ఆ పుస్తకంలోకి ఎక్కిన మొదటి మేస్త్రి పేరు మా మావయ్యది. అదీ తప్పు కింద.

"ఇప్పుడు చదువు" అన్నాడు.

చదివాను. చేతులు వెనక్కి కట్టుకుని, కొత్తగా లేచిన గోడ ముందు నిలబడినట్టు నిలబడి చివరిదాకా విన్నాడు.

"ఊఁ. సరిగ్గా ఉంది" అన్నాడు.